సెలమ నీళ్లు

మా అసిరప్ప మీద ఊరంతా దుమ్మెత్తి పోస్తన్నారు గానీ, నానొక్క మాట అడుగుతాను, సెప్పండి. మీ గుమ్మంలోకి ఎవులైనా వొచ్చి గుక్కెడు నీళ్లడిగితే, గొడ్లు తాగే కుడితి తొట్టిలో ముంచిస్తారేటి? ఇయ్యరు. సెంబు తోముకోని, కుండలో అడుగు కదలకుండా పైపైన ముంచి, సెంబుకి అంటిన తడి కొంగుతో తుడిసి మరీ ఇస్తారు. అసిరప్ప సేసినదీ అదే. అదొక్కటే సేసినాది. దాంతో మా ఏరు పోనాది.

అసిరప్పంటే నాకు తోడికోడలు. పెద్దోడి పెళ్లాం అది, సిన్నోడి పెళ్లాన్ని నాను. నా పేరు అమ్మడు. ఒకే పొయ్యి కాడ కొట్టుకున్నాం, ఒకే మడిలో నడుములిరిగేలా ఊడ్పులూడ్సినాం. మా బావ పోయి సాన్నాళ్లైనాది. పిల్లల్నేరు. ఏటొడ్డునున్న పాతిల్లు ఒగ్గి మా ఇంటికి రాయే అంటే రాదు. "ఏటి సప్పుడు ఇనపడకపోతే నాకు నిద్దరట్టదే" అంటాది. మొండిఘటం.

మా ఏరు వొంశధార. ముఖలింగం దాటి దిగువకి వొస్తే, ఇసక బాగా మేటేసే కాడ మా ఊరు. ఎండలు ముదిరితే నీరు సన్నగా ఓ పక్కకి పోతాది, మిగతాదంతా ఇసకే. ఆ ఇసకలో మోకాల్లోతు గుంట తవ్వితే నీరూరుతాది. దాన్నే సెలమంటాం. మొదట ఊరిన నీళ్లు తోడి పారబొయ్యాల. మళ్లీ ఊరినాక మట్టి దిగేదాకా ఆగాల. అప్పుడు కొంగు అడ్డమెట్టి ముంచాల. ఓలమ్మో, ఆ సల్లదనం, ఆ తీపి! పెళ్లిసూపులకొచ్చినోళ్లకి మా ఊళ్లో మొదట ఇచ్చీది సెలమ నీళ్లే. అసిరప్ప అయ్య ఆ నీళ్లు తాగీసి, "ఈ ఊరికి నా కూతురు గుంటనిచ్చీస్తాను" అన్నాడంట, పెళ్లికొడుకుని సూడకుండానే. "బావ మొకం ముందు సూసుంటే ఇచ్చీవోడేటి?" అని నాను ఏడిపించీదాన్ని. నోరు మూసుకోవే అని సీపురెత్తీది, నవ్వుకుంటానే.

ఎగువున ఓ కంపెనీ ఎలిసినాది. మందుల్లో కలిపే పొడులు సేస్తారంట. మొదటేడు ఆళ్లు ఏట్లోకి ఒగ్గీ పైపు నీళ్లకి కుళ్లు గుడ్డు వాసనొచ్చినాది. మరుసటేడు సేపలు తెల్ల పొట్టలెట్టుకోని తేలినాయి. ఆ తరవాత మా నారుమడి. మోటారెట్టి ఏటి నీళ్లు పెట్టినాం, వారం తిరక్కుండా నారు ఎర్రబడి మాడిపోనాది. మళ్లీ జల్లినాం. మళ్లీ మాడినాది. మా ఆయన గట్టు మీద కూకోని ఆ మాడిన నారు పీకి సేతుల్లో నలుపుతా ఉంటే, సూడనేక నాను ఇంటికొచ్చీసినాను. బిడ్డ పోనట్టే ఏడిసినాను, దాపరికమేటి.

అందరం కలిసి ఎల్లి కంపెనీ గేటు కాడ కూకున్నాం. పోలీసులొచ్చినారు, పెద్దోళ్లొచ్చినారు. ఆకరికి ఓ కమిటీ ఏసినారు. ఊరోళ్లు, కంపెనీ, ఆఫీసు, కాలేజీ, నలుగురూ కలిసి ఏరుని సూసుకోవాలంట. కంచే సేను మేస్తంటే కంచెని కూడా కాపలాకి పెట్టినట్టున్నాదని నానప్పుడే అన్నాను. నా మాటెవులు ఇంటారు? కాలేజీ తరపున చరితమ్మొచ్చినాది. సీకాకుళంలో కెమిస్ట్రీ సెప్తాది. ఆళ్ల తాతలు ముఖలింగం గుళ్లో వేదం సదివినోళ్లు. గుంట మంచిది, ఏరంటే పానం.

ఒప్పందం ఏటంటే, నెలకోపాలి తెల్లారగట్ల ఏటి నీళ్లు సీసాల్లో పట్టాల. కంపెనీవోడు రాత్రుళ్లే కదా వొగ్గుతాడు, అందుకని తెల్లారగట్లే పట్టాల. సగం కాలేజీకి, సగం కంపెనీ లేబుకి. లెక్కలు పాడుగా వొస్తే కంపెనీ తన కర్సుతో నీళ్లు సుద్ది సేసీ ప్లాంటు కట్టాల, అప్పటిదాకా రెండో పైపు మాటెత్తకూడదు. లెక్కలు బాగుంటే రెండో పైపేసుకుంటారు. పైపు ఒకటుంటేనే మా నారు మాడినాది. రెండోది వొస్తే మాకు మడీ నేదు, ఊరూ నేదు. అది మాకు తెలుసు, పసిపిల్లకి కూడా తెలుసు.

నీళ్లెవులు పట్టాలా అంటే అందరూ అసిరప్పనే సూపించినారు. కోడి కన్నా ముందు లేస్తాది, ఇల్లు ఏటొడ్డునే. చరితమ్మ సీసాల పెట్టె దాని సేతిలో పెట్టి, "అసిరమ్మగారూ, ఊరి తరపున ఈ పని మీది" అన్నాది. జనమలో ఎవులూ దాన్ని గారూ అన్నేదు. ఆ పెట్టెకి పసుపు రాసి బొట్టెట్టి దేవుడి గూట్లో పెట్టీసినాది. చరితమ్మ నవ్వినాది గానీ దాని కల్లల్లో నీళ్లు తిరిగినాయి.

నీళ్లెలగ పట్టాలో చరితమ్మ తనే ఏట్లో దిగి సూపించినాది. అప్పుడు సావణ మాసం, ఏరు నిండుగా పోతన్నాది, ఒడ్డు నుంచి ఒడ్డుకి ఒకటే నీరు. ఇసకా నేదు, సెలమా నేదు. ఇక్కడ ముంచు, అక్కడ ముంచొద్దు అని సెప్పడానికేటుంటాది? సీసా కడిగి, ముంచి, మూతెట్టి, మీదన కాగితంలో ఊరి పేరు రాసి, రోడ్డు మీదికి వొచ్చే కాలేజీ కారుకివ్వమన్నాది. అంతే.

లెక్కలు బాగున్నాయి, నిండేట్లో మురికి పలసబడినాది కావాల. మళ్లీ బాగున్నాయి. ఏరు తగ్గి ఇసక పడినాక ఇంకా బాగున్నాయి. చరితమ్మ బుర్ర గోక్కున్నాది. ఏరు సూస్తే నల్లగా నురగలు కక్కుతన్నాది, సీసాలో నీళ్లు సూస్తే కొబ్బరి నీళ్లలాగున్నాయి. మిషను పాడైనాదని బాగు సేయించినాది, మందులు మార్పించినాది. కంపెనీ లేబులోనూ అదే లెక్కొచ్చినాది. మాకు కాళ్లకి పుళ్లు, లెక్కల్లో ఏరు బంగారం. ఏటి సేస్తాం?

కంపెనీ తరపున గణపతిరావని ఒకడుండీవోడు, ఇస్త్రీ సొక్కా, నోట్లో యాలక్కాయ. మీటింగులో అసిరప్పకి సాలువా కప్పి, "పెద్దమ్మా, మీ ఊరి నీళ్లు మా లేబులో మినరల్ వాటర్ లాగ ఉన్నాయి" అన్నాడు. అసిరప్ప సిగ్గుపడిపోయి తలొంచుకున్నాది. ఎంత మురిసిపోనాదో! ఆడికి తెలుసు. ఒట్టేసి సెప్తన్నాను, ఆడికి తెలుసు. ఆడు ఒగ్గీ నీళ్లు ఎలగుంటాయో ఆడికి తెలవదేటి? తెలిసే కప్పినాడు.

ఆకరి మీటింగుకి జిల్లా ఆఫీసరొస్తాడని, రెండో పైపు సంగతి ఆ దినమే తేలుస్తారని కబురొచ్చినాది. ఆ పొద్దే నీళ్లు పట్టీ పొద్దు కూడానూ. అసిరప్ప కాళ్లు సూస్తే పుళ్లు పగిలి రసికారతన్నాయి. ఒక్కర్తినీ పంపబుద్ది గాక నానూ ఎల్లినాను. అన్ని నెలల్లో నాను దాంతో ఎల్లడం అదే మొదలు. తెల్లారగట్ల మా ఇంట్లో పాలు పిండుకోవాలి కదా, ఎప్పుడెల్తాను?

ఒడ్డు దిగినాం. నీటి పాయ ఒడ్డు కిందే పోతన్నాది, నల్లగా, కంపు కొడతా. అది కుంటుకుంటా ఆ పాయలో దిగినాది. ఇక్కడే ముంచుతాది కదా అని నానాగినాను. అది ఆగనేదు. పాయ దాటీసి ఇసకెక్కి అలగ పోతానే ఉన్నాది.

"ఎక్కడికే అప్పా?"

"రాయే, ఈ పక్కకి."

పైన మడుల వారకి ఓ సెలమ ఉన్నాది. సుట్టూ రాళ్లు పేర్సి, పైన తాటాకు కప్పెట్టుంచినాది, కాకి రెట్టెయ్యకుండా. తాటాకు తీసినాది. ఊరిన నీళ్లు తోడి పారబోసినాది. కూకున్నాది. మట్టి దిగినాక కొంగు అడ్డమెట్టి సీసా ముంచి, పైకెత్తి ఎలుగులోకి సూసుకోని నవ్వినాది.

నాను దాని సెయ్యట్టుకున్నాను.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇదేటే నువ్వు సేస్తన్నది? ఇన్నాళ్లూ ఇక్కడి నీళ్లేనా ఇచ్చినావు?"

"మరెక్కడియ్యమంటావు?"

"ఆ పాయలోవే! ఆ మురికే!"

అది నా మొకం అదోలాగ సూసినాది, నానేదో బూతు మాటన్నట్టు. "ఊరి పేరెట్టి పంపే నీళ్లే అవి. పట్నంలో పెద్దోళ్లు సూస్తారు. ఎంగిలి ముంతలో మురికి నీళ్లు పోసిస్తే మనల్నేటనుకుంటారే? మా అయ్య ఈ నీళ్లు సూసి నన్నీ ఊరికిచ్చినాడు. సెలమ మాత్రం ఏటిది కాదేటి?"

"మురికున్నాదని సెప్పడానికే కదే సీసాలిచ్చినారు! మనకున్న రోగం సూపించమంటే, తానం సేయించి బొట్టెట్టి నిలబెట్టినావు కదే!"

అప్పుడు తెలిసినాది దానికి. ఎలగ తెలిసినాదో నాను సూసినాను. ముందు సీసా ఎయిపు సూసినాది. తరవాత పాయ ఎయిపు సూసినాది. తరవాత మా మాడిపోయిన మడి ఎయిపు. ఇసకలో సతికిలబడిపోనాది. "నా సేతుల్తోనే, అమ్మడూ?" అన్నాది. ఏటి సెప్తాను? అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. మా అప్ప అడుసులోంచి నడిసెల్లి మరీ కడిగిన నీళ్లు తెచ్చినాది.

"ఎవులికీ సెప్పకు అప్పా. ఇయాల ఈ పాయలో పట్టిద్దాం" అన్నాను. అప్ప మీద నా పేమ నాది.

"కాదే. నానే సెప్తాను" అన్నాది. సెలమ నీళ్లు పారబోసి, పాయలో దిగి, సీసాడు నల్ల నీళ్లు పట్టినాది.

బడి వరండాలో షామియానా ఏసినారు. ఆఫీసరు, గణపతిరావు, మా ప్రెసిడెంటు తిరుమలరావు, చరితమ్మ వరసగా కుర్సీల్లో కూకున్నారు. అసిరప్ప ఆ సీసా పొట్టకి అదుముకోని లేసి నిలబడినాది. జనమలో మీటింగులో నోరెత్తని మనిసి, దాసకుండా సెప్పినాది. సెలమ ఎక్కడున్నాది, ఎలగ తోడినాది, కొంగెలగ అడ్డమెట్టినాది, అంతా. "తప్పు నాదే బాబూ. ఏటి నీళ్లు ఇయి. ఇయాల సరిగ్గా పట్టినాను" అని సీసా బల్ల మీద పెట్టినాది.

చరితమ్మ రెండు సేతుల్తో మొకం మూసుకున్నాది. ఒక్క నిమసం నాకు ఆశ పుట్టినాది, అబద్దమెందుకు. తప్పు తెలిసినాది కదా, దిద్దుకుంటారు కదా అనుకున్నాను.

చరితమ్మే ముందు తేరుకున్నాది. "సార్, పాత లెక్కలన్నీ కొట్టేయండి. ఏరు పక్కనే ఉంది, అందరం వెళ్లి ఇప్పుడే పట్టుకుందాం. కొత్తగా మొదలుపెడదాం" అన్నాది.

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుసుకున్నాడు. మంచోడిలాగే ఉన్నాడు, అరవనేదు. "అమ్మా, ఈ లెక్కల మీద ప్రతి నెలా మీరంతా సంతకాలు పెట్టారు. ఊరి తరపున కూడా పెట్టారు. ఫైలు పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు మా మనిషే నీళ్లు మార్చేసిందని మీరే అంటే, ఈ సీసాలో నీళ్లు మాత్రం ఎక్కడివో ఎవరికి తెలుసు? రేపు పట్టేదాన్ని ఎవరు నమ్ముతారు?"

"నాను సూసినాను బాబూ! నా కల్లతో సూసినాను, పాయలోనే పట్టినాది!" అని నాను లేసినాను. కూకోమన్నారు.

అప్పుడు గణపతిరావు సేతులు జోడించినాడు. "సార్, పెద్దావిడని ఏమీ అనకండి. కేసులూ అవీ మా కంపెనీకి వద్దు. తెలియక చేసింది. ఇకనుంచి ఆవిడకి శ్రమ లేకుండా మా లేబు వాళ్లే వచ్చి నీళ్లు పట్టుకుంటారు. కమిటీ మీద నమ్మకం ఉండాలి కదా."

ఎంత దయో సూడండి! తిట్టినా బాగుణ్ను. ఆఫీసరు తలూపినాడు. రెండో పైపుకి అడ్డం నేదని రాసుకున్నారు. బిస్కట్లు పంచినారు. అసిరప్ప పెట్టిన సీసాని ఎవులూ ముట్టుకోనేదు. టీ గలాసుల మద్దిలో అలగే ఉన్నాది.

ఆ సీసాని చరితమ్మే పట్టుకెల్లినాది. బస్సు కాడ నా సెయ్యి పట్టుకోని, "పిన్నీ, ఏరు తగ్గాక ఒక్కసారి నేను మళ్లీ వచ్చి చూసుంటే బాగుండేది" అని ఎక్కెక్కి ఏడిసినాది. ఆ నీళ్ల లెక్క కడితే పురుగుల మందు కన్నా గోరమంట. రాసి పంపినాది, మళ్లీ పంపినాది, ఆఫీసుల సుట్టూ తిరిగినాది. రూలు పెకారం పట్టిన నీళ్లు కావని జవాబొచ్చినాది. తరవాత ఆళ్ల కాలేజీలో ఆ పనే ఆపీసినారు. అప్పుడప్పుడు ఫోను సేస్తాది. ఏటి మాటాడుకోవాలో ఇద్దరికీ తెలవదు.

ఇంక ఊరు సంగతి. గేటు కాడ పక్కన కూకున్నోళ్లే అసిరప్ప ఎదురొస్తే మొకం తిప్పుకున్నారు. తిరుమలరావైతే నలుగుర్లో, "నువ్వు సెలమ తవ్వినావనుకున్నాం గానీ, ఊరికి గొయ్యి తవ్వినావు" అన్నాడు. "నోరు పడిపోను! నెలనెలా సంతకం ఎట్టినప్పుడు నీ కల్లెక్కడెట్టుకున్నావురా? ఒడ్డుకొచ్చి ఏరుని ఒక్కపాలి సూసినావా?" అని నాను ఎగబడినాను. అసిరప్ప నన్ను పట్టుకోని లాక్కొచ్చీసినాది. "ఆడన్నదాంట్లో తప్పేటున్నాదే" అన్నాది. ఆ రోజు నుంచి మాటే తగ్గించీసినాది.

రెండో పైపు వొచ్చినాది. మడులు బీడెట్టీసినాం. మా ఆయన భోగాపురం ఎయిర్‌పోర్టు పనికి కూలికెల్తన్నాడు, పదిమందితో రేకుల షెడ్డులో పడుకుంటాడు. తాగడానికి టిన్ను నీళ్లు ఆటోలో వొస్తాయి. అసిరప్ప ఆ టిన్ను నీళ్లు ముట్టదు. బతిమాలినాను, తిట్టినాను. "నా సెలమున్నాది నాకు" అంటాది. కుంటుకుంటా ఎల్లి తెచ్చుకుంటాది.

మొన్న పొద్దున దానికి గంజి పట్టుకెల్తే ఇంట్లో నేదు. దేవుడి గూట్లో సీసాల పెట్టె కూడా నేదు. ఏటికి పరిగెట్టినాను.

ఇసకలో కూకోని తవ్వతన్నాది. పాత సెలమ పక్కన పడున్నాది, అందులో పసుపు రంగు నీళ్లు, మీద నురగ. దాని పక్కన ఇంకోటి తవ్వినాది, అందులోనూ అవే. ఇంకా పైకి, మడి గట్టు కిందకంటా ఎల్లి ఇంకోటి తవ్వినాది. మోకాల్లోతు కాదు, మనిసి దిగీ అంత లోతు. నాను ఎల్లేటప్పటికి ఆ గుంటలోనే ఉన్నాది. ఊరిన నీళ్లు తోడి పారబోస్తన్నాది, మట్టి దిగుతాదని సూస్తన్నాది. మళ్లీ తోడతన్నాది. మట్టి ఎప్పుడో దిగిపోనాది. ఆ రంగు మట్టిది కాదు.

"పైకి రాయే అప్పా" అన్నాను.

కొంగు అడ్డమెట్టకుండా సీసా ముంచినాది. మూతెట్టినాది. నా సెయ్యి పట్టుకోని పైకొచ్చి, తిన్నగా రోడ్డు మీదికి నడిసినాది, కాలేజీ కారు ఆగీ రాయి కాడికి. ఆ రాయి మీద కూకోని సీసా ఒళ్లో పెట్టుకున్నాది.

"ఇయాల సరిగ్గా పట్టినానే అమ్మడూ. ఇయాల ఎక్కడ ముంచినా ఒకటే, తప్పవ్వదు."

ఎవులూ రారే పిచ్చిదానా అని నోటిదాకా వొచ్చినాది. పక్కనే కూలబడినాను. బస్సు పోనాది, ఇసక లారీలు పోనాయి, టిన్ను నీళ్ల ఆటో పోనాది. ఎండెక్కినాది. దాని పెదాలు ఎండి పగిలినాయి.

"దాహమేస్తన్నాదే. కాసిన్ని నీళ్లు తే" అన్నాది. లేసినాను. నా కొంగు పట్టుకోని ఆపినాది. "టిన్నువి కావే. మన నీళ్లు తే."

"తెస్తానప్పా" అన్నాను. అనీసి, ఎటు నడవాలో తెలవక, ఆ రోడ్డు మీద అలగే నిలబడిపోనాను.